పసివాడి పక్క, పెద్దవారి నిద్ర: శరీరంలోని గడియారం

మన ఇళ్ళలో ఇద్దరు మనుషులు ఉదయం లేవగానే ఎవరి ముఖమూ చూడలేక తల దించుకుంటారు. ఒకరు ఏడెనిమిదేళ్ళు నిండినా రాత్రి పక్క తడిపే పిల్లవాడు. మరొకరు రాత్రి మూడు నాలుగు సార్లు ఒంటికి లేచి, తన వల్ల ఇంటిల్లిపాదికీ నిద్రాభంగం కలుగుతున్నదని నొచ్చుకునే దాదాజాన్ లేక నానీజాన్. పిల్లవాడికి తిట్లు పడతాయి. ఒక్కొక్క ఇంట్లో దెబ్బలు కూడా పడతాయి. పెద్దవారికి మాత్రం "పొద్దు గూకిన తరువాత నీళ్ళు ముట్టకండి" అనే సలహా దొరుకుతుంది. కొన్నాళ్ళకు వారు పగలు కూడా నీళ్ళు తాగడం తగ్గిస్తారు. బంధువుల ఇళ్ళకు వెళ్ళడం మానేస్తారు. చివరకు మస్జిద్‌లో ముందు వరుసలో నిలబడిన మనిషి తలుపు దగ్గరి వరుసకు, అక్కడి నుంచి ఇంటికి పరిమితమైపోతాడు.

మేము వైద్యులం కాము, మదరసాలో పాఠాలు చెప్పేవాళ్ళం. అయితే వసతి గృహంలో పిల్లలను, మస్జిద్‌లో పెద్దలను సంవత్సరాల తరబడి చూస్తున్నందున ఈ రెండు బాధలూ మా ముందుకు తరచుగా వస్తుంటాయి. తల్లిదండ్రులు పిల్లవాడి కోసం దుఆ చేయమంటారు. పెద్దలు చాటుగా వుజూకు సంబంధించిన మస్‌అలా అడుగుతారు. దుఆ చేయవలసిందే, మస్‌అలా చెప్పవలసిందే. దానితోపాటు శరీరం పనిచేసే తీరును కూడా కొంత తెలుసుకోవాలి. పక్క తడిపే పిల్లవాడిది బద్ధకం కాదు, రాత్రి లేచే పెద్దవారిది చాదస్తం కాదు. మానవ శరీరంలో రేయింబవళ్ళను లెక్కించే ఒక ఏర్పాటు ఉన్నది. పిల్లవాడిలో ఆ ఏర్పాటు ఇంకా కుదురుకోలేదు, పెద్దవారిలో అది కొంత సడలింది. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ అర్థమైతే తిట్లు తగ్గుతాయి, చికిత్సకు దారి తెరుచుకుంటుంది.

శరీరానికి వేళ తెలుసు

1729లో జాన్ జాక్ ద మెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పగలు ఆకులు విప్పి రాత్రి ముడుచుకొనే అత్తిపత్తి జాతి మొక్కను చీకటి గదిలో ఉంచి చూశాడు. వెలుగు సోకకపోయినా పగటి వేళకు ఆ మొక్క ఆకులు విప్పింది, రాత్రి వేళకు ముడుచుకొన్నది. అంటే సూర్యుడిని చూసి మాత్రమే కాక, తన లోపలి లెక్క ప్రకారం కూడా అది నడుచుకొంటున్నదన్న మాట. ఆ లోపలి లెక్క ఎలా సాగుతుందో ఈగల జాతికి చెందిన చిన్న పురుగులలో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. కణంలో ఒక ప్రోటీన్ రాత్రి పూట పేరుకుంటుంది. తగినంత పేరుకున్నాక తన తయారీని తానే ఆపివేస్తుంది. పగటి వేళ అది కరిగిపోయి, తయారీ మళ్ళీ మొదలవుతుంది. ఈ చక్రం ఒకసారి తిరగడానికి దాదాపు 24 గంటలు పడుతుంది.

మనిషి మెదడులో, రెండు కళ్ళ నుంచి వచ్చే నరాలు ఒకదానినొకటి దాటే చోటుకు కాస్త పైన, సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపు ఒకటి ఉన్నది. శరీరం మొత్తానికీ పెద్ద గడియారం అదే. మనిషిలో దాని చక్రం 24 గంటల కంటే కొద్దిగా ఎక్కువ. అందువల్ల అది ప్రతిరోజూ కంటిలో పడే వెలుగును బట్టి తన వేళను సరిచేసుకొంటుంది. ఆ పెద్ద గడియారం సూచన మేరకు కాలేయం, గుండె, మూత్రపిండాలు, మూత్రాశయం తమ తమ చిన్న గడియారాలను నడుపుకొంటాయి.

మూత్రం తయారీలో మూడు పనులు

రాత్రి ఆరేడు గంటల సేపు ఒక్కసారైనా లేవకుండా ఆరోగ్యవంతుడు ఎలా నిద్రపోగలుగుతున్నాడు? పగలైతే అంత సేపు మూత్రానికి వెళ్ళకుండా ఉండడం చాలామందికి సాధ్యం కాదు. రాత్రి అది సాధ్యం కావడానికి మూడు పనులు ఒకే వేళకు కలిసి రావాలి.

మొదటిది మూత్రపిండాల పని. ఇవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగట్టి, అందులో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు తిరిగి రక్తంలోకే చేరుస్తాయి. మిగిలిన లీటరున్నర, రెండు లీటర్లే మూత్రం. ఈ వడపోత పగలు ఎక్కువగా, రాత్రి తక్కువగా జరుగుతుంది. పైగా మెదడు అడుగున ఉన్న పియూష గ్రంథి నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. నీటిని పోనివ్వవద్దని మూత్రపిండాలకు ఆజ్ఞ ఇచ్చేది ఇదే. నిద్ర వేళ ఇది తగినంతగా ఉంటే మూత్రం తక్కువగా, చిక్కగా తయారవుతుంది. తెల్లవారి మొదటిసారి పోసే మూత్రం ముదురు రంగులో ఉండడానికి కారణం ఇదే.

రెండవది మూత్రాశయం పని. పెద్దవారి మూత్రాశయం 300 నుంచి 500 మిల్లీలీటర్ల వరకు పట్టి ఉంచుతుంది. అయితే ఈ సంచి రోజంతా ఒకే తీరుగా ఉండదు. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ఎలుకలపై చేసిన అధ్యయనంలో, మూత్రాశయ కండరానికి తనదైన గడియారం ఉన్నదని చూపారు. కండర కణాల నడుమ సంకేతాలను చేరవేసే కనెక్సిన్ 43 అనే ప్రోటీన్, ఎలుకలు మెలకువగా తిరిగే వేళ పెరిగి, విశ్రమించే వేళ తగ్గుతున్నది. అది పెరిగితే మూత్రాశయం కొద్దిపాటి నిండుదనానికే స్పందిస్తుంది. తగ్గితే ఓపికగా ఎక్కువ నింపుకొంటుంది. గడియారపు జన్యువులు లోపించిన ఎలుకలలో ఈ రాత్రి పగలు తేడాయే కనిపించలేదు.

మూడవది మెదడు పని. మూత్రాశయం నిండుతున్న కొద్దీ నరాల ద్వారా కబురు వస్తుంటుంది. గాఢ నిద్రలో మెదడు చిన్న కబురును పట్టించుకోదు. కబురు బలమైనదైతే మనిషిని లేపుతుంది.

మూత్రం తక్కువగా తయారు కావడం, సంచి ఓపికగా పట్టి ఉంచడం, అవసరమైతే మెదడు మేల్కొనడం. ఈ మూడూ కలిస్తేనే నిశ్చింతగా తెల్లవారుతుంది. వీటిలో ఏ ఒక్కటి తప్పినా పిల్లవాడైతే పక్క తడుపుతాడు, పెద్దవారైతే నిద్ర లేస్తారు.

పక్క తడిపే పిల్లవాడు

పసిబిడ్డకు పుట్టుకతో రేయి పగలు తేడా ఉండదు. నిద్ర, ఆకలి, మూత్రం అన్నీ గంట గంటకూ సాగుతాయి. నెలలు గడిచే కొద్దీ నిద్రకు వేళ ఏర్పడుతుంది. రాత్రి మూత్రం అదుపులోకి రావడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఐదేళ్ళ వయసులో నూటికి సుమారు 15 మంది పిల్లలు ఇంకా పక్క తడుపుతూనే ఉంటారు. ఆ తరువాత వారిలో ఏటా సుమారు 15 శాతం మంది తమంతట తామే దీని నుంచి బయటపడతారు. కనుక ఐదేళ్ళ లోపు దీనిని రోగంగా భావించనక్కరలేదు.

డెన్మార్క్‌లోని ఆర్హుస్ వైద్యులు 1980లలో పక్క తడిపేవారి రక్తాన్ని, మూత్రాన్ని రాత్రింబవళ్ళు పరీక్షించారు. ఆరోగ్యవంతులలో రాత్రి వేళ వాసోప్రెసిన్ పెరిగి మూత్రం తగ్గింది. పక్క తడిపేవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు, రాత్రి మూత్రం వారి మూత్రాశయం పట్టగలిగిన దానికంటే ఎక్కువగా తయారైంది. పిల్లలందరిలోనూ కారణం ఇదొక్కటే అనలేము. కొందరిలో మూత్రాశయం తొందరపడుతుంది, చాలామందిలో నిద్ర నుంచి లేపే కబురు మెదడుకు చాలదు. ఇది వంశంలో కూడా వస్తుంది. తల్లిదండ్రులలో ఒకరికి చిన్నతనంలో ఈ ఇబ్బంది ఉండి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి నలభై పాళ్ళకు పైగా, ఇద్దరికీ ఉండి ఉంటే డెబ్బై పాళ్ళకు పైగా ఉంటుంది. పిల్లవాడిని తిట్టబోయే తండ్రి ఒకసారి తన తల్లిని అడిగి చూడడం మంచిది.

నిద్రలో జరిగిన పనికి శిక్ష వేస్తే ఆ పిల్లవాడు నేర్చుకొనేది ఏమీ ఉండదు. నిద్రపోతున్న వానిపై ధార్మిక బాధ్యత ఉండదని ఫిఖ్హ్ చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు. మనం ఆ సూత్రాన్ని పాఠంలో చెప్పి, పక్క మీద మాత్రం మరచిపోకూడదు. దెబ్బల భయంతో నిద్ర చెడుతుంది, సమస్య మరింత ముదురుతుంది.

మరి చేయవలసిందేమిటి? ముందుగా నీళ్ళ వేళను సరిదిద్దాలి. చాలామంది పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, బడిలో మరుగుదొడ్డి బాగా లేదని పగలంతా నీళ్ళు తాగరు. ఇంటికి వచ్చి సాయంత్రం నుంచి దాహం తీర్చుకొంటారు. మూత్రపిండాలు దానిని రాత్రికి తయారు చేసి పెడతాయి. రోజు మొత్తం నీటిలో ఎక్కువ భాగం ఉదయం, మధ్యాహ్నం తాగించి, సాయంత్రం తరువాత ఐదవ వంతు మాత్రమే మిగల్చాలి. పగలు రెండు మూడు గంటలకొకసారి మూత్రానికి వెళ్ళే అలవాటు చేయాలి. రాత్రి భోజనం నిద్రకు రెండు గంటల ముందే ముగించాలి. ఆ భోజనంలో ఉప్పు తక్కువగా ఉండాలి. చాయ్, శీతల పానీయాలు సాయంత్రం ఇవ్వకూడదు. మలబద్ధకం ఉంటే ముందు దానికి చికిత్స చేయించాలి. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది. నిద్రపోయే ముందు తప్పక మూత్రానికి పంపాలి.

రాత్రి ఒక వేళకు పిల్లవాడిని లేపి తీసుకుపోతే ఆ రాత్రికి పక్క పొడిగా ఉంటుంది, కాని అలవాటు దానంతటది కుదరదు. ఏడేళ్ళు దాటినా తగ్గకపోతే పిల్లల వైద్యునికి చూపించాలి. బట్ట తడిసిన వెంటనే మోగే చిన్న పరికరం ఒకటి ఉన్నది. దానిని రెండు మూడు నెలలు ఓపికగా వాడితే చాలామంది పిల్లలలో నిద్ర నుంచి లేచే అలవాటు ఏర్పడుతుంది. వాసోప్రెసిన్‌ను పోలిన డెస్మోప్రెసిన్ అనే మందు కూడా ఉన్నది. దానిని వైద్యుడు చెప్పిన మోతాదులో మాత్రమే వాడాలి. మందు వేసిన రాత్రి నీళ్ళు ఎక్కువగా తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోతుంది.

ఒక హెచ్చరిక. ఆరు నెలలు, అంతకు మించి పక్క పొడిగా ఉన్న పిల్లవాడు హఠాత్తుగా మళ్ళీ తడపడం మొదలుపెడితే ఆలస్యం చేయకూడదు. దానితోపాటు విపరీతమైన దాహం, బరువు తగ్గడం, నీరసం కనిపిస్తే అది చిన్నపిల్లలకు వచ్చే షుగర్ వ్యాధి కావచ్చు. అదే రోజు రక్త పరీక్ష చేయించాలి. మూత్రంలో మంట, జ్వరం ఉంటే ఇన్‌ఫెక్షన్ అని అనుమానించాలి. ఇంట్లో మరణం, గొడవలు, కొత్త చోటుకు మారడం వంటివి కూడా కారణం కావచ్చు.

వసతి గృహానికి పిల్లలను పంపే తల్లిదండ్రులకు మా మనవి ఇది. ఈ సంగతిని దాచి పంపకండి, చేర్చే రోజున ఉస్తాద్‌కు ఏకాంతంలో చెప్పండి. దాచి పంపిన పిల్లవాడు రాత్రంతా నిద్రపోకుండా కూర్చొని, పగలు పాఠంలో కునికిపాట్లు పడడం మేము చూస్తూ ఉంటాము. ఉస్తాద్‌కు తెలిసి ఉంటే మరుగుదొడ్డికి దగ్గరగా పక్క ఇవ్వవచ్చు. పరుపు మీద రెక్సిన్ గుడ్డ, దానిపై దుప్పటి పరచవచ్చు. ఒక జత బట్టలు పక్కనే ఉంచితే తోటివారు లేవక ముందే పిల్లవాడు మార్చుకొంటాడు. తోటి పిల్లలు ఎగతాళి చేస్తే దానిని అల్లరిగా కాక తప్పుగా పరిగణించి వారించవలసిన బాధ్యత ఉస్తాద్‌దే.

రాత్రి లేచే పెద్దలు

వయసు పెరిగే కొద్దీ శరీర గడియారపు ఎత్తుపల్లాలు చదునవుతాయి. రాత్రి పగలు తేడా తగ్గుతుంది. యువకులలో రోజు మొత్తం మూత్రంలో రాత్రి భాగం ఐదవ వంతు లోపే ఉంటుంది. పెద్దలలో ఆ భాగం పెరుగుతూ పోతుంది. 65 ఏళ్ళు దాటినవారిలో అది మూడవ వంతు దాటితే, రాత్రి మూత్రం ఎక్కువగా తయారవుతున్నట్లు వైద్యులు లెక్కిస్తారు. రాత్రి ఒకసారి లేవడం పెద్ద వయసులో సామాన్యమే. రెండు, అంతకంటే ఎక్కువ సార్లు లేస్తూ, దానివల్ల బాధపడుతుంటే కారణం వెదకవలసి ఉంటుంది.

మగవారైతే "ఇది ప్రోస్టేటే" అని, ఆడవారైతే "కాన్పుల వల్ల వచ్చింది, ఇంతే" అని సరిపెట్టుకోవడం మన అలవాటు. ప్రోస్టేట్ గ్రంథి పెరగడం, కాన్పుల తరువాత కండరాలు సడలడం నిజమే. వాటికి చికిత్స కూడా ఉన్నది. కాని చాలామంది పెద్దలలో అసలు కారణం మూత్రాశయానికి ఎగువన ఉంటుంది.

పగలంతా కూర్చొని, నిలబడి ఉన్నప్పుడు కొందరికి కాళ్ళలో నీరు దిగుతుంది. పడుకోగానే ఆ నీరు తిరిగి రక్తంలో చేరి మూత్రపిండాలకు వస్తుంది. ఇటువంటివారు మధ్యాహ్నం తరువాత గంట, రెండు గంటల పాటు కాళ్ళు ఎత్తులో పెట్టుకొని పడుకొంటే ఆ నీరు పగలే బయటికి పోతుంది. కొన్ని బి.పి. మందులు కాళ్ళ వాపును కలిగిస్తాయి. నీరు పోవడానికి ఇచ్చే మాత్రను సాయంత్రం వేసుకొంటే రాత్రంతా లేవవలసి వస్తుంది. మందుల వేళ మార్చవచ్చునేమో వైద్యుని అడగాలి, సొంతంగా మార్చుకోకూడదు.

ఉప్పు మరొక కారణం. పగలు బయటికి పంపలేకపోయిన ఉప్పును మూత్రపిండాలు రాత్రి పంపుతాయి. ఉప్పు వెంట నీరూ పోతుంది. జపాన్‌లోని నాగసాకి విశ్వవిద్యాలయ వైద్యులు 2017లో వెల్లడించిన అధ్యయనంలో 223 మంది తమ ఉప్పును రోజుకు 10.7 గ్రాముల నుంచి 8 గ్రాములకు తగ్గించారు. వారు రాత్రి లేచే సార్లు సగటున 2.3 నుంచి 1.4కు తగ్గాయి. ఉప్పు పెంచిన మరో 98 మందిలో అవి 2.3 నుంచి 2.7కు పెరిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచాకు లోపు. నిల్వ పచ్చడి, అప్పడం, ఎండుచేప, బజారు మిక్చర్ తినే ఇంట్లో ఆ పరిమితి మధ్యాహ్నానికే దాటిపోతుంది. రాత్రి భోజనంలోనైనా వీటిని మానితే ఫలితం కనిపిస్తుంది.

గురక మూడవ కారణం. నిద్రలో శ్వాస ఆగి ఆగి సాగేవారిలో ఛాతీలోని ఒత్తిడి మారి గుండె గది సాగుతుంది. రక్తంలో నీరు ఎక్కువైనదని గుండె భ్రమపడి, నీటిని పంపించివేయమని చెప్పే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. ఇటువంటివారికి గురక చికిత్సతో రాత్రి మూత్రం కూడా తగ్గుతుంది. అదుపులో లేని షుగర్, గుండె బలహీనత, మూత్రపిండాల వ్యాధి కూడా ఇదే లక్షణంతో బయటపడవచ్చు.

వీటిలో మనది ఏదో తెలుసుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటి ఉన్నది. కొలత గీతలున్న ప్లాస్టిక్ పాత్ర ఒకటి, ఒక నోటు పుస్తకం తీసుకొని, మూడు రోజుల పాటు ఎన్ని గంటలకు ఎంత మూత్రం వచ్చిందో, ఏమి ఎంత తాగారో వ్రాసి ఉంచాలి. పడుకొన్న తరువాత పోసినదంతా, తెల్లవారి లేవగానే పోసిన మొదటిదానితో సహా, రాత్రి లెక్కలోకి వస్తుంది. ఉదాహరణకు రోజు మొత్తం 1500 మిల్లీలీటర్లలో రాత్రిది 600 అయితే అది నూటికి 40 పాళ్ళు. అంటే రాత్రి తయారీ ఎక్కువగా ఉన్నది. రాత్రి మొత్తం తక్కువే ఉండి, ప్రతిసారీ వంద, నూట ఇరవై మాత్రమే వస్తుంటే మూత్రాశయాన్ని, ప్రోస్టేట్‌ను అనుమానించాలి. ఈ పుస్తకాన్ని వైద్యుని ముందు పెడితే ఆయన పని సగం తేలికవుతుంది.

నీళ్ళు పూర్తిగా మానడం మందు కాదు. పెద్దలలో దాహం ఎలాగూ తక్కువే. పగలు నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మండిస్తుంది, మలబద్ధకం, తలతిరుగుడు వస్తాయి. వైద్యుడు పరిమితి పెట్టనివారు పగలు బాగా తాగి, నిద్రకు రెండు గంటల ముందు నుంచి తగ్గిస్తే చాలు. సాయంత్రం తరువాత చాయ్, కాఫీ మానాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం చీకటిలో పడిపోవడం. నిద్రమత్తులో, తడి నేల మీద జారి తుంటి ఎముక విరిగితే వృద్ధులు మళ్ళీ లేచి తిరగడమే కష్టమవుతుంది. మంచం నుంచి మరుగుదొడ్డి వరకు దారిలో వస్తువులు ఉండకూడదు. గోడకు పట్టుకొనే కడ్డీ బిగించాలి. దారిలో జీరో బల్బు వెలగాలి. రాత్రి ట్యూబ్‌లైటు వేస్తే ఆ వెలుగుకు మెదడులోని గడియారం తెల్లవారిందని పొరబడుతుంది. అదే వెలుగు ఉదయం మేలు చేస్తుంది. ఫజ్ర్ తరువాత కాసేపు ఆరుబయట నడిస్తే గడియారానికి వేళ సరిగ్గా అందుతుంది.

వేళలు మారినప్పుడు

రమజాన్‌లో మన ఆహార పానీయాలన్నీ రాత్రికి మారతాయి. ఇఫ్తార్ నుంచి సహరీ వరకు తాగిన నీరు ఆ రాత్రే బయటికి వస్తుంది గనుక ఒకటి రెండు సార్లు ఎక్కువగా లేవడం సహజమే. ఇఫ్తార్ దగ్గరే కడుపు నిండా తాగకుండా, తరావీహ్ వరకు కొద్ది కొద్దిగా తాగితే కొంత ఉపశమనం ఉంటుంది. సమోసాలు, పకోడీలు, హలీం వంటి వాటిలోని ఉప్పును గుర్తుంచుకోవాలి. షుగర్, గుండె, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, నీటి మాత్రలు వాడేవారు రమజాన్‌కు ముందే వైద్యుని కలిసి మందుల వేళలు నిర్ణయించుకోవాలి.

అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్ళిన పెద్దలకు మొదటి వారం రాత్రిళ్ళు పదే పదే మూత్రం వస్తుంది. అక్కడి రాత్రి మనకు పగలు. వారి మూత్రపిండాలు ఇంకా ఇక్కడి వేళనే పాటిస్తుంటాయి. గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పునే జరుగుతుంది. భయపడకుండా, ఉదయపు వెలుగులో తిరుగుతూ ఉంటే సర్దుకొంటుంది. గల్ఫ్ దేశాలలోనూ, ఇక్కడా వారం వారం రాత్రి డ్యూటీ, పగటి డ్యూటీ మారే మన యువకులకు ఈ సర్దుబాటు ఎప్పటికీ పూర్తి కాదు. వీలైనంత వరకు ఒకే డ్యూటీ ఎక్కువ రోజులు ఉండేలా అడిగి తీసుకోవడం మేలు.

వుజూ, నమాజు విషయంలో

మూత్రాన్ని బలవంతంగా ఆపుకొని నమాజు చేయడం మక్రూహ్. ఆ అవసరం ముంచుకు వస్తే జమాఅత్ తప్పినా దోషం లేదు. ముందు అవసరం తీర్చుకొని, వుజూ చేసి, నెమ్మదిగా నమాజు చేయవచ్చు. కనుక జమాఅత్ కోసం బిగబట్టుకొనే పెద్దలు ఆ కష్టం పడనవసరం లేదు.

మూత్రం బొట్టు బొట్టుగా కారుతూ, ఒక నమాజు వేళ పూర్తిగా గడిచినా వుజూ చేసి ఫర్జ్ నమాజు ముగించేంత విరామం కూడా దొరకనివారిని హనఫీ ఫిఖ్హ్‌లో మాజూర్ అంటారు. వారు ప్రతి నమాజు వేళకు ఒకసారి వుజూ చేసుకొంటే చాలు. ఆ వేళ ముగిసే వరకు ఆ బొట్ల వల్ల వుజూ భంగం కాదు. ఇక బొట్టు పడిందేమో అనే అనుమానం మాత్రమే ఉన్నవారు, ఖచ్చితంగా తెలిసేవరకు వుజూ ఉన్నట్లే భావించాలి. ఎవరి స్థితి ఏమిటో దగ్గరలోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు. అడగడంలో సిగ్గుపడవలసింది ఏదీ లేదు.

మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం హఠాత్తుగా ఆగిపోయినా, జ్వరంతో కూడిన మంట ఉన్నా, కాళ్ళ వాపుతోపాటు ఆయాసం వచ్చినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మిగిలిన సందర్భాలలో ఈ వారమే ఒక పని మొదలుపెట్టవచ్చు. ఇంట్లో దాదాజాన్‌కో, నానీజాన్‌కో కొలత పాత్ర, నోటు పుస్తకం తెచ్చి ఇవ్వండి, వ్రాయడం కష్టమైతే మనవలకు ఆ పని అప్పగించండి. పక్క తడిపే బిడ్డ ఉంటే, రేపు ఉదయం ఆ దుప్పటిని ఏమీ అనకుండా తీసి, తడిసిన చోటు శుభ్రంగా కడిగి ఎండలో వేయండి. బడి సంచిలో నీళ్ళ సీసా నింపి పెట్టి, మధ్యాహ్నానికి దానిని ఖాళీ చేయమని చెప్పి పంపండి.